ఆత్మకు వైద్యం అక్కర్లేదు: శరీరం, మనసు, ఆత్మ గురించి మన శాస్త్రాలు అసలేమన్నాయి

చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద పెరుంగుడి నుంచి షోళింగనల్లూరు దాకా వెళ్లేలోపు ‘శరీరం, మనసు, ఆత్మ’ అన్న బోర్డు ఎక్కడో ఒకచోట కంటపడక మానదు. ఒకచోట అది స్పా, ఇంకోచోట యోగా స్టూడియో, మరోచోట ఆర్గానిక్ సరుకుల కొట్టు. వీకెండ్ ప్యాకేజీ తీసుకుంటే మూడింటినీ బాగుచేసి పంపుతామంటారు. మొదటి రెండింటి సంగతి సరే. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఆయుర్వేదానికి మూలగ్రంథమైన చరక సంహితే ఒప్పుకోదు. సూత్రస్థానం అనే మొదటి విభాగంలో, మొదటి అధ్యాయంలోనే ‘శరీరం సత్త్వసంజ్ఞం చ వ్యాధీనామాశ్రయో మతః’ అని తేల్చేసింది. రోగాలు ఉండే చోట్లు రెండే, ఒకటి శరీరం, రెండోది మనసు. ఆత్మ నిర్వికారం, నిత్యం, జరిగేదంతా చూస్తూ ఉండే సాక్షి. మార్పే లేనిదానికి జబ్బెక్కడిది, మందెందుకు?

మరి ‘శరీరం, మనసు, ఆత్మ’ అన్న జోడింపు గాల్లోంచి వచ్చిందా అంటే, అదీ కాదు. అదే అధ్యాయంలో కాస్త ముందు మనసు, ఆత్మ, శరీరం త్రిదండంలా కలిసి లోకాన్ని నిలబెడుతున్నాయని ఉంది. మూడు కర్రలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినప్పుడు ఏ ఒక్కటి లాగేసినా మిగతా రెండూ కూలతాయి. అంటే మనిషి బతికి ఉండాలంటే మూడూ కావాలి. జబ్బు చేసేది మాత్రం రెంటికే. ఈ రెండు మాటల్నీ కలిపి చదవకపోవడం వల్లే ‘ఆత్మ ఆరోగ్యం’ పేరుతో ఇంత గందరగోళం.

(‘చరకుడు అన్నాడు’ అని రాస్తున్నాను గానీ ఆ గ్రంథం ఒకరి చేతి పని కాదు. ఆత్రేయుడు చెప్పినదాన్ని అగ్నివేశుడు రాశాడని, చరకుడు సంస్కరించాడని, లోపించిన భాగాలను తర్వాతి కాలంలో దృఢబలుడు పూరించాడని ఆ గ్రంథమే చెబుతుంది. మాట తేలిగ్గా ఉంటుందని చరకుడనే అంటాను.)

ఆయుర్వేదానికి మరో మూలగ్రంథం సుశ్రుత సంహిత. ఆ సుశ్రుతుడి లెక్క కూడా చూద్దాం. ఆయుర్వేద కాలేజీలో చేరిన ప్రతి విద్యార్థీ బట్టీపట్టే శ్లోకం ఆయనదే: ‘సమదోషః సమాగ్నిశ్చ సమధాతుమలక్రియః ప్రసన్నాత్మేంద్రియమనాః స్వస్థ ఇత్యభిధీయతే’. వాత పిత్త కఫాలు సమంగా ఉండాలి, జఠరాగ్ని సమంగా ఉండాలి, రక్తమాంసాల్లాంటి ధాతువులు, మలవిసర్జన సక్రమంగా ఉండాలి. ఆపైన ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండాలి. ఇక్కడా ఆత్మను బాగుచేయమని లేదు, ప్రసన్నంగా ఉండాలని ఉంది. పొద్దున కడుపు ఖాళీ అవలేదన్న సంగతీ, మనసు బాగోలేదన్న సంగతీ ఒకే శ్లోకంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఈ సంప్రదాయం తీరే అంత. గొప్ప విషయం, చిన్న విషయం అని వేరు పెట్టదు.

ఆపకూడనివి, ఆపాల్సినవి

శరీరానికీ మనసుకీ ఉన్న సంబంధం గురించి సిద్ధాంతాలు చాలానే ఉన్నాయి. నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా కనిపించింది చరకుడి సూత్రస్థానంలో ఏడో అధ్యాయం. దాని పేరు ‘నవేగాన్ధారణీయం’. శరీరం తనంతట తాను పుట్టించే వేగాలు పదమూడు అంటాడు. మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవలింత, ఆకలి, దాహం, కన్నీరు, నిద్ర, కష్టపడ్డాక వచ్చే ఆయాసం. వీటిని బిగబట్టకూడదు. బిగబడితే ఏ బాధ వస్తుందో, వస్తే ఏం చేయాలో ఒక్కొక్కదానికీ విడిగా రాశాడు. మూత్రం ఆపితే పొత్తికడుపు నొప్పి, తలనొప్పి. ఆకలి ఆపితే నీరసం, ఒళ్లు నొప్పులు, ఆఖరికి తిండి మీద అయిష్టం. నిద్ర ఆపితే తలపోటు, కళ్లు బరువెక్కడం. దానికి మందు నిద్రే, ఒళ్లు పట్టించుకోవడమే.

ఈ జాబితా చేతిలో పెట్టుకుని చెన్నైలో ఒక పనిదినాన్ని చూడండి. పొద్దున ఆరున్నరకు క్యాబ్ ఎక్కే కుర్రాడు నిద్ర ఆపుకుంటాడు. మీటింగ్ మధ్యలో ఆకలిని కాఫీతో ఆపుతాడు. రేడియల్ రోడ్డు ట్రాఫిక్‌లో మూత్రం ఆపుకుంటాడు. టి.నగర్ బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలను అడిగితే చాలామంది చెప్పే మాట, నీళ్లు తక్కువ తాగుతామని. మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తామంటే సూపర్‌వైజర్ ఊరుకోడు మరి. కూర్చోవడానికే వీల్లేకపోతే, 2021లో తమిళనాడు ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి పనివాళ్లకు సీటు ఏర్పాటు చేయాలని రాయాల్సి వచ్చింది. అంటే వేగాలను ఆపుకోవడం ప్రతిసారీ మనిషి సొంత తెలివితక్కువ కాదు. ఆపుకోక తప్పని ఉద్యోగాలు ఉన్నాయి. ధ్యానం క్లాసుల్లో ఈ సంగతి వినపడదు.

పదమూడింటిలో కన్నీరు ఉండటం నన్ను బాగా ఆలోచింపజేసింది. మా అపార్ట్‌మెంట్‌లో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడకు భర్త పోయారు. వచ్చినవాళ్లందరూ ‘ఏడవకండి అత్తయ్యా, మీకసలే బీపీ’ అన్నవాళ్లే. ఆవిడ కళ్లు తుడుచుకుని, వచ్చినవాళ్లకి కాఫీలు అందాయో లేదో కనుక్కుంటూ కూర్చుంది. కన్నీళ్లు ఆపితే జలుబు, కంటి జబ్బు, గుండె జబ్బు, అరుచి, కళ్లు తిరగడం వస్తాయంటాడు చరకుడు. చికిత్స మూడు మాటల్లో చెప్పాడు: నిద్ర, మద్యం, ప్రియమైన కబుర్లు. రెండోదాన్ని మన ఇళ్లలో కర్మ జరుగుతున్న రోజుల్లో ఎవరూ సిఫారసు చేయరనుకోండి. మూడోది మాత్రం మన ఆనవాయితీలోనే ఉంది. పన్నెండు రోజులూ చుట్టాలు ఇంట్లో చాపలు పరుచుకుని పోయినాయన అల్లర్లు, ఆయన కోపం, ఆయన తిండి గురించి చెప్పుకుని నవ్వుకోవడం, మధ్యలో ఎవరో ఒకరు వెక్కి ఏడవడం. ఇప్పుడు కార్యం మూడు రోజులకు కుదించి ఎవరి ఫ్లైట్ వాళ్లు ఎక్కుతున్నారు. పోయింది తంతు ఒక్కటే అనుకుంటున్నాం. ఆ కబుర్లూ పోయాయి.

అదే అధ్యాయంలో వెంటనే ఇంకో జాబితా ఉంది. ఇవి తప్పకుండా ఆపుకోవాల్సినవి. మనసుకు సంబంధించి లోభం, శోకం, భయం, కోపం, గర్వం, సిగ్గులేకపోవడం, ఈర్ష్య, అతిరాగం, పరుల సొత్తు మీద ఆశ. మాటకు సంబంధించి కటువుగా మాట్లాడటం, అతిగా వాగడం, చాడీలు, అబద్ధం, సమయం కాని సమయంలో మాట్లాడటం. చేతకు సంబంధించి ఇతరులను బాధపెట్టడం, దొంగతనం, హింస వగైరా. మాటల జాబితాను మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులకు నియమావళిగా పెడితే సగం గ్రూపులు మూతపడతాయి.

రెండు జాబితాలనూ పక్కపక్కన పెడితే ఒక చిక్కు కనిపిస్తుంది. కన్నీరు ఆపకూడదు, శోకం ఆపాలి. ఇదేం వైరుధ్యం? నాకు అర్థమైనంతవరకు ఇందులో వైరుధ్యం లేదు, ఆయుర్వేదం మనసును చూసే తీరంతా ఇక్కడే ఉంది. ఏడుపు శరీరం పని. వచ్చినప్పుడు రానివ్వాలి, వచ్చి వెళ్లిపోతుంది. శోకం మనసు తిప్పి తిప్పి నెమరువేసే పని. దాన్ని వదిలేస్తే పెరుగుతుంది. మనం చేస్తున్నది తలకిందుల పని. కన్నీళ్లు బిగబట్టి శోకాన్ని ఏళ్ల తరబడి మోస్తాం. ఆకలిని ఆపి కోపాన్ని వదులుతాం.

తెలిసీ ఇలా ఎందుకు చేస్తాం? దీనికి చరకుడు పెట్టిన పేరు ప్రజ్ఞాపరాధం. ధీ, ధృతి, స్మృతి అనే మూడింట్లో ఏదో ఒకటి జారిపోయి చేసే చెడ్డపని. ధీ అంటే ఏది మంచో తెలియడం. ధృతి అంటే తెలిసినదానికి కట్టుబడి ఉండగలగడం. స్మృతి అంటే సమయానికి గుర్తుండటం. షుగర్ ఉన్న మనిషికి స్వీట్ వద్దని తెలుసు, అది ధీ. పాండీ బజార్‌లో మైసూర్‌పాక్ వేడిగా కనిపించగానే జారేది ధృతి. నిరుడు కాలి పుండు మానక పడిన అవస్థ ఆ క్షణాన గుర్తు రాకపోవడం స్మృతి లోపం. వాత, పిత్త, కఫాలనే మూడు దోషాలనూ రెచ్చగొట్టేది ఇదేనంటాడు. గుమ్మడికాయంత సిద్ధాంతం చెప్పకుండా రోజూ చేసే తప్పు ఎక్కడ జరుగుతోందో చూపించాడు. మనసు చేసిన తప్పు శరీరంలో జబ్బై తేలే దారి ఇదే.

తిండి మనసైన కథ, మనసు తిండిని చెడగొట్టిన కథ

ఉపనిషత్తులంటే కళ్లు మూసుకుని ఆత్మ గురించి చెప్పేవే అనుకుంటాం. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతు చేత ఒక పరీక్ష చేయించాడు. పదిహేను రోజులు అన్నం తినకు, నీళ్లు మాత్రం కావలసినన్ని తాగు, ప్రాణం నీటిని ఆశ్రయించుకుని ఉంటుంది కనుక పోదు అన్నాడు. పదహారో రోజు వచ్చిన కొడుకును ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమన్నాడు. పన్నెండేళ్లు గురుకులంలో చదివి, గర్వంగా ఇంటికి తిరిగొచ్చిన పిల్లాడతను. ‘నాకేమీ తోచడం లేదు’ అన్నాడు. వెళ్లి తినిరా అన్నాడు తండ్రి. తిని వచ్చాక అడిగినదంతా చెప్పాడు. మనసు అన్నమయం అని ఉద్దాలకుడు చెప్పిన మాట కొడుక్కి అప్పుడు అర్థమైంది. ఉపవాసాలు ఎంత ఎక్కువైతే ఆత్మకు అంత దగ్గరవుతామని నమ్మేవాళ్లు ఈ కథను ఒకసారి చదవాలి.

ఇది అన్నం నుంచి మనసుకు వచ్చే దారి. తిరుగు దారి చరక సంహితలోనే విమానస్థానం అనే మరో విభాగంలో ఉంది. మితంగా తిన్నా, మంచి తిండే తిన్నా, చింత, శోకం, భయం, కోపం, దుఃఖం, అసౌకర్యమైన పడక, జాగరణ ఉంటే అది అరగదు అంటాడు. టెన్షన్‌తో తిన్న ఇడ్లీ కూడా గ్యాస్ అవుతుందని మనకు అనుభవమే. అందుకే ఏం తినాలో చెప్పినంత శ్రద్ధగా ఎలా తినాలో కూడా చెప్పాడు. వేడిగా, కాస్త నెయ్యో నూనో తగిలేలా, ముందు తిన్నది అరిగాకే, నచ్చిన చోట కూర్చుని, మరీ గబగబా కాకుండా, మరీ సాగదీయకుండా, మాట్లాడకుండా, నవ్వకుండా, మనసు పెట్టి తినాలి. ఈ నియమాల్లో ఒక్కదానికీ రూపాయి ఖర్చు లేదు. ఖరీదైన డిటాక్స్ ప్యాకేజీల్లో ఇవి అంతగా కనపడకపోవడానికి కారణం అదేనేమో.

మైలాపూర్ కచేరీ రోడ్డులో డబ్బా చెట్టి కడై అని ఒక పాత కొట్టుంది. ఇక్కడ ఇలాంటివాటిని నాటుమందు కడై అంటారు, చెన్నై తెలుగువాళ్లమూ అలాగే అంటాం. దీపావళికి ముందు ఇలాంటి కొట్ల దగ్గర రద్దీ చూడాలి. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, ధనియాలు, అతిమధురం కలిపిన పొడి పొట్లాలు కొనుక్కెళ్లి బెల్లం, నెయ్యి, తేనెతో లేహ్యం ఉడికిస్తారు. పండగనాడు తెల్లవారుజామున తలంటు పోసుకున్నాక, స్వీట్లు ముట్టకముందు ఉసిరికాయంత లేహ్యం నోట్లో వేసుకోవాలి. ఇది తమిళుల ఆచారం. ఇక్కడ తరాలుగా ఉన్న తెలుగు ఇళ్లలో కొన్ని దీన్ని సొంతం చేసుకున్నాయి. పండగపూట అతిగా తింటామని ముందే తెలిసి, అజీర్తికి మందును పూజలో భాగం చేశారు. దేవుడు, జిహ్వ, కడుపు ముగ్గురినీ ఒకేసారి తృప్తిపరిచే ఏర్పాటు. సంపూర్ణ ఆరోగ్యం అంటే ఉపన్యాసం అక్కర్లేకుండా చూపించాలంటే నేనైతే దీన్నే చూపిస్తాను.

ఇక అందరూ వలయాలుగా బొమ్మ గీసి చూపించే పంచకోశాలు. అన్నమయం, ప్రాణమయం, మనోమయం, విజ్ఞానమయం, ఆనందమయం. ఇవి తైత్తిరీయోపనిషత్తులోవి. ఒక్కో పొరా ఒలిచేస్తూ లోపలికి పోవాలని, చివరి దాంట్లో ఆనందం దొరుకుతుందని, దానికి ఫలానా కోర్సు ఉందని చెబుతుంటారు. కోశాల లెక్కను వివరంగా విడమరిచి చెప్పినవాళ్లు తర్వాతి అద్వైత ఆచార్యులు. ఉపనిషత్తులో ఉన్న కథ ఇంకా సాదాగా ఉంటుంది. భృగువు తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్లి బ్రహ్మం గురించి చెప్పమంటాడు. తపస్సు చేసి తెలుసుకోమంటాడు తండ్రి. అన్నమే బ్రహ్మమని తెలుసుకుని వస్తే మళ్లీ తపస్సు చేయమంటాడు. ప్రాణం, మనసు, విజ్ఞానం దాటి చివరికి ఆనందం బ్రహ్మమని తెలుసుకుంటాడు. మామూలుగా కథ ఇక్కడ ఆపేస్తారు. ఉపనిషత్తు మాత్రం ఆపలేదు. ఆ శిఖరం ఎక్కిన వెంటనే మళ్లీ తిండి దగ్గరికే వచ్చింది. అన్నాన్ని నిందించకు, అదే వ్రతం. అన్నాన్ని పారేయకు. అన్నాన్ని ఎక్కువగా పండించు. ఇంటికి వచ్చినవాణ్ణి కాదని పంపకు. ఆనందం తెలిసినవాడు చేయాల్సిన పనులుగా ఇవి కనిపిస్తాయి. అన్నమయాన్ని తక్కువ మెట్టుగా చూసి, దాటేయాల్సిందిగా చెప్పే వ్యాఖ్యానాలకు ఉపనిషత్తులోని ఈ అనువాకాలు (చిన్న భాగాలు) ఇబ్బందికరమే.

ఒకే సంప్రదాయం, మూడు ప్రశ్నలు

చిక్కుముడి అసలు పడింది ఎక్కడంటే, హిందూ సంప్రదాయం అంటే ఒకే గొంతు అనుకోవడం దగ్గర. ఆయుర్వేదం అడిగే ప్రశ్న, జబ్బు లేకుండా నిండు నూరేళ్లు బతకడం ఎలా అని. ధర్మార్థకామమోక్షాలు నాలుగింటికీ ఆరోగ్యమే మూలం అంటుంది. పతంజలి యోగం అడిగేది చిత్తవృత్తులు, అంటే మనసులో లేచే ఆలోచనలు, ఆగడం ఎలా అని. రెండు వందలకు కాస్త తక్కువగా ఉండే ఆ సూత్రాల్లో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే. ఆరోగ్యం ఆయనకు గమ్యం కాదు. కాకపోతే తొమ్మిది ఆటంకాలు లెక్కపెట్టినప్పుడు మొట్టమొదట వ్యాధినే పెట్టాడు. వేదాంతం ఇంకో అడుగు వేసి అసలు నువ్వెవరివి అంటుంది. ఈ దేహం నేను కాదు అని తేల్చుకోమంటుంది.

దేహం నేను కాదన్నవాడు రోజూ పొద్దున నడకకు పోవాలా? ఈ ప్రశ్నకు తమిళనేల మీద దొరికిన జవాబు నాకు బాగా నచ్చింది. శరీరాన్ని ఒకప్పుడు నీచమనుకున్నానని, తర్వాత దానిలోపలే పరమార్థాన్ని కనుగొన్నానని, అందుకే దాన్ని కాపాడుకుంటున్నానని తమిళ శైవ సిద్ధుడు తిరుమూలర్ పాడాడు. ఆయనను తమ పరంపరలో ఒకడిగా చెప్పుకునే తమిళుల సంప్రదాయ వైద్యం, సిద్ధ వైద్యం, ఇక్కడ ఇప్పటికీ బతికే ఉంది. తాంబరం శానటోరియంలో ఉన్న జాతీయ సిద్ధ వైద్య సంస్థ ఓపీలో తెలుగు మాటలు వినపడటం వింతేమీ కాదు.

యోగాను చికిత్సగా మలిచిన పనిలో కొంత ఈ ఊళ్లోనూ జరిగింది. మైసూరులో పేరు తెచ్చుకున్న యోగా గురువు తిరుమలై కృష్ణమాచార్య 1950ల నుంచి చెన్నైలోనే ఉన్నారు, 1989లో నూరేళ్లు దాటాక ఇక్కడే పోయారు. మనిషిని బట్టి ఆసనం మార్చాలి గానీ ఆసనాన్ని బట్టి మనిషిని వంచకూడదనే పద్ధతి ఆయనది. కొడుకు దేశికాచార్ 1976లో ఆయన పేరుతో యోగమందిరం స్థాపించారు. మోకాళ్ల నొప్పులున్న బామ్మకు, ఆస్తమా ఉన్న పిల్లాడికి వేరువేరు సాధన చెప్పడం ఇప్పుడు మామూలుగా అనిపిస్తుంది. ఒకే హాల్లో యాభై మంది ఒకేసారి తలకిందులుగా నిలబడే క్లాసుకు ఈ పద్ధతి పూర్తిగా వ్యతిరేకం.

తెలుగువాళ్ల వంతు కూడా ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం తర్వాత మద్రాసు సరుకైంది. ఆ డబ్బుతోనే ఆయన ఆంధ్రపత్రిక నడిపారు. లజ్ దగ్గర పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లతో నిండిపోయే నాగేశ్వరరావు పార్కు ఆయన పేరు మీదిదే. కె.ఎన్.కేసరి తన కేసరి కుటీరంలో స్త్రీల కోసం ‘లోధ్ర’ అనే మందు తయారుచేసి అమ్ముతూ 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టారు. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన ఆచంట లక్ష్మీపతి మరొకరు. ఒళ్లు నొప్పికి మందు, మనసుకు పత్రిక. వీళ్లెవరూ ‘సంపూర్ణ ఆరోగ్యం’ అని బోర్డు పెట్టినట్టు లేదు గానీ చేసింది అదే.

నిందగా మారే ప్రమాదం

ఈ ఆలోచనలో ఒక ముల్లు ఉంది. జబ్బుకు మూలం నీ ప్రజ్ఞాపరాధమే అని చరకుడు రాసిన మాటను జబ్బుపడినవాడి మీదికే విసరొచ్చు. ఉన్మాదం గురించి చెబుతూ ఆయన, తాను స్వయంగా చెడకపోతే దేవతలు, గంధర్వులు, పిశాచాలు, రాక్షసులు మనిషిని ఏమీ చేయలేరు అన్నాడు. దయ్యం పట్టిందని కొట్టే కాలంలో అది ఎంత ధైర్యమైన మాట! అదే మాట ఇవాళ డిప్రెషన్‌లో ఉన్న పిల్లతో ‘నీ మనసు గట్టిగా లేక’ అనడానికి వాడితే క్రూరత్వం. క్యాన్సర్ వచ్చినావిడతో ‘పూర్వజన్మ కర్మ’ అనే చుట్టాలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

ఇలా వాడకుండా చరకుడే రెండు అడ్డుకట్టలు వేశాడు. ఒకటి విమానస్థానంలోని జనపదోద్ధ్వంసం అధ్యాయం. ఒక్కొక్కరి ప్రకృతి వేరు, తిండి వేరు, వయసు వేరు కదా, మరి ఊరు ఊరంతా ఒకేసారి ఒకే జబ్బుతో ఎందుకు పోతుంది అని అగ్నివేశుడు అడుగుతాడు. గాలి, నీరు, నేల, కాలం, ఈ నాలుగూ అందరికీ ఉమ్మడివి, అవి చెడితే అందరూ పోతారు అంటాడు ఆత్రేయుడు. వాటి చెడుకు మూలం అధర్మమని చెబుతూ పాలించేవాళ్లను కూడా వదలడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదలో ఎన్నూరు క్రీక్ నిండా ఆయిల్ తేలినప్పుడు అక్కడి జాలర్ల కళ్లు మండినదానికి వాళ్ల ప్రజ్ఞాపరాధం ఏముంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో అమల్లోకి వచ్చిన తన రాజ్యాంగంలో శారీరక, మానసిక క్షేమంతో పాటు సామాజిక క్షేమాన్నీ ఆరోగ్యం అంది. సుశ్రుతుడి శ్లోకంలో ఆ మూడోది లేదు. చరకుడి ఈ అధ్యాయంలో ఉంది.

రెండో అడ్డుకట్ట కర్మవాదానికే వేశాడు. ఆయువు ముందే రాసిపెట్టి ఉంటే వైద్యమెందుకు, మందులెందుకు, అసలు బెదిరి పరిగెత్తే ఏనుగులు, ఎద్దులు, ఒంటెలు, గుర్రాలు, దున్నలు ఎదురొస్తే తప్పుకోవడమెందుకు అని అడుగుతాడు. దైవం ఉంది, పురుషకారమూ (మనిషి ప్రయత్నమూ) ఉంది, బలమైనది బలహీనమైనదాన్ని గెలుస్తుంది అని ఆయన తీర్పు. జ్వరానికి కషాయాలు చెప్పిన చోటే విష్ణు సహస్రనామ పారాయణ కూడా చెప్పిన మనిషి ఆయన. రెండూ చెప్పాడు, ఒకటి చేస్తే రెండోది మానేయమనలేదు. సహస్రనామం చదువుతున్నాం కదా అని ఇన్సులిన్ ఆపేవాళ్లకు ఆయన దగ్గర సమర్థన దొరకదు.

మనసు జబ్బుకు ఆయన చెప్పిన పద్ధతి పేరు సత్త్వావజయం. హానిచేసే విషయాల నుంచి మనసును వెనక్కి లాగడం. దానికి జ్ఞానం, ధైర్యం, జ్ఞాపకం, ఏకాగ్రత సాధనాలని, ఆ విద్య తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లాలని కూడా చెప్పాడు. ఆ చివరి మాట ముఖ్యం. ఒంటరిగా ధ్యానం చేసుకుని బయటపడమనలేదు. చెన్నైలో ఆ విద్య తెలిసినవాళ్లకు కొదవ లేదు. కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ చరిత్ర 1794 నుంచి మొదలవుతుంది. డాక్టర్ శారదా మీనన్ 1984లో మొదలుపెట్టిన స్కార్ఫ్ అనే సంస్థ స్కిజోఫ్రెనియా రోగుల కోసం పనిచేస్తోంది. ఇంట్లోంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ప్రాణాయామం వీటికి తోడుగా చేసుకుంటే మంచిదే. డాక్టర్‌తో చెప్పి చేయాలి. మాత్రలు మానేసి మాత్రం చేయకూడదు.

చరకుడికీ అనుమానం వచ్చింది

ఆత్మ సంగతి పూర్తిగా పక్కన పెట్టేశాడా అంటే, లేదు. సూత్రస్థానం పదకొండో అధ్యాయం మనిషి మూడింటి వెంట పడాలంటుంది. మొదటిది ప్రాణం, ఎందుకంటే ప్రాణం పోతే అన్నీ పోతాయి. రెండోది ధనం. చేతిలో ఏమీ లేకుండా దీర్ఘాయుష్షు ఉండటంకన్నా పాపిష్టిది లేదు అని కుండబద్దలు కొట్టాడు. పింఛను లేని వృద్ధాప్యం చూసినవాళ్లకు ఈ వాక్యం వివరించక్కర్లేదు. మూడోది పరలోకం. అక్కడికి వచ్చేసరికి ఆగి, ఇందులో సంశయం ఉంది అంటాడు. ఇక్కణ్నుంచి పోయాక మనం ఉంటామా, ఉండమా? లేదనేవాళ్ల వాదాలు వరసగా చెప్పి, ఆప్తవాక్యం (నమ్మదగినవాళ్ల మాట), ప్రత్యక్షం, అనుమానం (తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించడం), యుక్తి అనే నాలుగు పరీక్షలు పెట్టి, ఉందనే నిర్ణయానికి వస్తాడు. ఆ నిర్ణయం ఒప్పుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. వైద్యగ్రంథంలో ఆత్మ గురించి ఇంత బహిరంగంగా అనుమానం వెలిబుచ్చి వాదించడం నాకు భక్తికన్నా ఎక్కువ నమ్మకం కలిగించింది.

ఆరోగ్యాన్ని మోసే మూడు ఊతాలు, అంటే ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం కూడా ఈ అధ్యాయంలోనే ఉన్నాయి. ధ్యానం ఆ మూడింట్లో లేదు, నిద్ర ఉంది. అదే అధ్యాయంలో వైద్యుల్లో మూడు రకాలున్నారని కూడా రాశాడు. మొదటి రకం మందుల డబ్బాలు, పుస్తకాలు, ఆకులు, చూపులు చూపించి వైద్యుడనిపించుకునే వేషధారులు. రెండో రకం తమకు లేని సిరి, కీర్తి, జ్ఞానం ఉన్నవాళ్ల పేరు చెప్పుకుని బతికేవాళ్లు. హోర్డింగుల మీద సినిమా నటుల ఫొటోలు ఈ రెండో కోవలోకే వస్తాయని నా అభిప్రాయం. మూడో రకం, మందు వాడే పద్ధతి, శాస్త్రం, అనుభవం, ఫలితం నాలుగూ సాధించి, రోగికి సుఖాన్ని, ప్రాణాన్ని ఇచ్చేవాళ్లు. వాళ్లనే వైద్యులని పిలవమన్నాడు.